చింతపిక్కలతో నీటి లెక్క

ఒక మట్టి మూకుడు, 40 చింతపిక్కలు, అయిదుగురు మనుష్యులు. ఒక పల్లెలోని భూగర్భ జలమును గూర్చి పాఠము చెప్పుటకు ఇంతకు మించిన పరికరములు అక్కరలేదు. మూకుడు భూమి, పిక్కలు నీరు, అయిదుగురు ఒకే నీటిపై ఆధారపడిన రైతులు. నేను నల్లబల్ల మీద ఎన్నియో దినములు గీచిన బొమ్మలు చెప్పలేని సంగతిని ఈ మూడింటితో అరగంటసేపు ఆడిన ఆట చెప్పినది. ఆ ఆటను గూర్చియు, దాని వెనుకనున్న శాస్త్రమును గూర్చియు, మన రాష్ట్రపు పల్లెలలో అట్టి ఆటతో జరిగిన ఒక ప్రయోగమును గూర్చియు ఈ వ్యాసములో చెప్పెదను.

కనబడు నీరు, కనబడని నీరు

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగమున మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములు ఎత్తయిన పీఠభూమి మీద ఉన్నవి. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 2,250 అడుగుల ఎత్తున ఉన్నది. ఏడాది పొడుగున పారు నది ఇక్కడ లేదు. పాపాఘ్ని, బాహుదా, పాలారు వంటివి వానలు బాగుగా కురిసినప్పుడు పారి, తక్కిన కాలమున ఇసుకను చూపుచుండును. అందుచేతనే పూర్వులు ఈ సీమనిండ చెరువులు కట్టినారు. ఎగువ చెరువు మరవ పారిన నీరు దిగువ చెరువునకు చేరునట్లు వానిని గొలుసుకట్టుగా అమర్చినారు.

చెరువు నీటిని పంచుటకు ఊరిలో నీరుగంటి యుండెడివాడు. తూము ఎప్పుడు ఎత్తవలెను, ఏ మడికి ఎంతసేపు నీరు పోవలెను అనునది అతని చేతిలోని పని. చెరువు సగమే నిండిన ఏట ఆయకట్టులో ఎంత భాగము నాటవలెనో రైతులు కూర్చుండి మాటలాడుకొనెడివారు. ఇందులో తగవులు లేకపోలేదు. కాని తగవు తీర్చుటకు ఒక ఆధారముండెడిది. చెరువులో నీరెంత యున్నదో ఊరిలోని ప్రతివానికి కంటికి కనబడెడిది. కట్టమీద నిలిచి చూచినచో లెక్క తేలిపోయెడిది.

తరువాత కపిల బావులు పోయి మోటారు బావులు, మోటారు బావులు పోయి బోర్లు వచ్చినవి. 2004లో రాష్ట్రమున వ్యవసాయపు మోటార్లకు ఉచిత విద్యుత్తు మొదలైనది. నీటిని తోడుటకు రైతు పెట్టు ఖర్చు బోరు వేయు దినముననే ఎక్కువగా తేలిపోవుచుండగా, ఆ తరువాత తోడిన ప్రతి బిందెకును ఖర్చు లేనట్లే అయినది. ఎండిన బోరు ప్రక్కన ఇంకొక బోరు, దానికంటె లోతుగా మరియొకటి వేయుచు, అప్పులలో దిగిన కుటుంబములు ఈ ప్రాంతపు ప్రతి ఊరిలోను ఉన్నవి.

బోరు యజమానికి తెలిసినది ఒక్కటే: మీట నొక్కినప్పుడు నీరు వచ్చినదా, రాలేదా. క్రింద ఎంత నీరున్నది, ప్రక్క చేనివాడు ఎంత తోడినాడు, పోయిన వానకు ఎంత ఇంకినది అనునవి అతనికి కనబడవు. చెరువు నీటికి నీరుగంటి యున్నాడు. బోరు నీటికి నీరుగంటి లేడు. లేకపోవుటకు మొదటి కారణము, ఆ నీరు ఎవరికిని కనబడకపోవుటయే. ఆట చేయు పని ఈ కనబడని నీటిని అందరి ముందర మూకుడులో పోసి చూపుట.

రాతిలో దాగిన నీరు

ఆటలోనికి దిగుటకు ముందు మన కాళ్ళ క్రింది భూమిని కొంచెము తెలిసికొనవలెను.

ఈ ప్రాంతమంతయు నల్లరాయి, నైస్ అను కఠినశిలలతో ఏర్పడినది. గోదావరి, కృష్ణా డెల్టాలలో వలె లోతైన ఒండ్రుమట్టి ఇక్కడ లేదు. పైన కొన్ని అడుగుల మట్టి, దాని క్రింద శిథిలమైన రాయి, ఆ క్రింద పగుళ్ళుగల గట్టి రాయి ఉండును. నీరు శిథిలమైన పొరలోను, దాని క్రింది పగుళ్ళలోను మాత్రమే నిలుచును. బోరు లోతు పెరిగిన కొలది నీరు పెరుగునని చాలమంది తలంతురు. కాని లోతునకు పోయిన కొలది పగుళ్ళు సాధారణముగా తగ్గిపోవును. వేయి అడుగుల బోరు వేయి అడుగుల నీటి తొట్టి కాదు. అది గట్టిరాతిలో గ్రుచ్చిన సూది. ఎక్కడనో ఒక పగులు తగిలిన నీరు వచ్చును, తగలనిచో రాతిపొడి వచ్చును.

శిథిలమైన నల్లరాతి పొరలో ఒక ఘనపు మీటరు భాగము నుండి మనము రాబట్టగల నీరు ఎంత? మన దేశమున భూగర్భ జలమును అంచనా వేయుటకు వాడు ప్రమాణముల ప్రకారము ఇది నూటికి 1 మొదలు 4 పాళ్ళు. సుమారు 2 పాళ్ళు అనుకొందము. అనగా వేయి లీటర్ల ఘనపరిమాణము గల రాతిపొర నుండి దొరకునది 20 లీటర్లు, ఒక బిందెడు.

ఇక వాన లెక్క. ఈ పడమటి మండలములలో ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన కురియుననుకొందము. అందులో చాల భాగము ఆవిరియై పోవును, కొంత చెట్టుచేమలు త్రాగును, కొంత వాగులలో పారిపోవును. బంకమట్టి కలిసిన శిథిల శిలలలో వానలో నూటికి 8 పాళ్ళు క్రిందికి ఇంకునని అవే ప్రమాణములు చెప్పుచున్నవి. 750లో 8 పాళ్ళు 60 మిల్లీమీటర్లు. ఒక ఎకరము నేల మీద ఇది సుమారు 2 లక్షల 43 వేల లీటర్లగును.

ఎకరము వరికి నారుమడి మొదలు కోత వరకు కావలసిన నీరు సుమారు 1,200 మిల్లీమీటర్లు, అనగా 48 లక్షల లీటర్లకు పైమాట. ఒక ఎకరము వరి, ఇరువది ఎకరముల నేలలో ఏడాదిపాటు ఇంకిన నీటిని అడుగుచున్నదన్నమాట. మడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి భూమిలోనికే ఇంకును. ఆ కొంతను మినహాయించినను లెక్క ఎకరమునకు ఎకరముగా మాత్రము రాదు. అదే రాగికి, వేరుశనగకు ఇంతకంటె చాల తక్కువ నీరు చాలును. ఖరీఫులో అందులో పెద్ద భాగము వానయే ఇచ్చును. టమాట వీనికిని వరికిని నడుమ నుండును. బిందుసేద్యముతో దాని నీటిని ఇంకను తగ్గింపవచ్చును. కాని ఒక బోరు క్రింద ఏడాదికి రెండు మూడు పర్యాయములు టమాట నాటినచో ఆ పొదుపు అక్కడికక్కడే ఖర్చగును.

ఇంకొక విశేషమున్నది. 60 మిల్లీమీటర్ల నీరు ఇంకినప్పుడు, నూటికి 2 పాళ్ళే చోటుగల రాతిలో నీటిమట్టము ఎంత పెరుగును? అరువదిని రెండు శాతముతో భాగించిన 3,000 మిల్లీమీటర్లు, అనగా 3 మీటర్లు. ఒక మంచి వానకారు తరువాత బావులలో నీరు గబగబ పైకి వచ్చుటకు కారణమిదియే. అది చూచి మనము మురిసిపోవుదుము. కాని అంతే నీరు తోడినచో అది అంతే త్వరగా 3 మీటర్లు దిగిపోవును. ఈ రాతినేల ఇరుకు మూతిగల చెంబు వంటిది. త్వరగా నిండినట్లు కనబడును, త్వరగా ఖాళీ యగును.

ఆట ఆడు విధము

ఇప్పుడు మూకుడు దగ్గరకు వత్తము. లెక్క సులువుగా నుండుటకు నేను వేసికొన్న అంకెలివి. మొదట మూకుడులో 40 పిక్కలుండును. ప్రతి ఏడు పంట తరువాత వాన 10 పిక్కలను తెచ్చును. రైతులు అయిదుగురు. ప్రతివాడు ఏటేట రెండు పంటలలో ఒకదానిని ఎన్నుకొనవలెను. రాగి పెట్టినచో 2 పిక్కల నీరు పట్టును, 3 మార్కుల ఆదాయము వచ్చును. వరి పెట్టినచో 5 పిక్కలు పట్టును, 5 మార్కులు వచ్చును. ఎన్నికను చీటీ మీద వ్రాసి, ఎవరికిని చూపక, ఆట నడుపువానికి ఇయ్యవలెను. మూకుడులో నీరు చాలనప్పుడు ఎవరి పంటకు ముందు నీరు దక్కునో చీట్లు తీసి తేల్చుదురు. దక్కనివానికి ఆ ఏడు ఆదాయము సున్న.

అందరును రాగి పెట్టినచో ఖర్చు 10, రాబడి 10. మూకుడులోని పిక్కలు ఎన్నటికిని తరగవు. ఒక్కడు మాత్రము వరి పెట్టినచో ఏడాదికి 3 పిక్కలు తరుగును. నీరు పది సంవత్సరములు వచ్చి, పదునొకండవ ఏట చాలదు. ఇద్దరు పెట్టినచో ఆరవ ఏట, ముగ్గురు పెట్టినచో నాలుగవ ఏట, నలుగురు గాని అయిదుగురు గాని పెట్టినచో మూడవ ఏటనే నీరు చాలకపోవును. పాఠకులు కాగితము మీద వేసి చూచుకొనవచ్చును.

అందరును వరియే పెట్టినచో మొదటి రెండేండ్లు ఒక్కొక్కనికి అయిదేసి మార్కులు వచ్చును. ఆ తరువాత ఏటేట వచ్చు 10 పిక్కలతో ఇద్దరికే పంట పండును. సగటున మనిషికి 2 మార్కులు. పదేండ్లకు మొత్తము 26. పదేండ్లు రాగి పెట్టినవానికి 30. త్వరగా వచ్చిన లాభము పదేండ్ల లెక్కలో నష్టముగా తేలినది.

మా తరగతిలో ఈ ఆటను ఆడించి చూచినాను. మా విద్యార్థులలో పుంగనూరు వైపువారు, కుప్పం వైపువారు కూడ ఉన్నారు. అందరివి ఇంచుమించు సేద్యపు కుటుంబములే. అయిదుగురు బల్ల చుట్టు కూర్చున్నారు, తక్కినవారు చుట్టు నిలుచున్నారు. మాటలాడరాదని మొదటి ఆటకు నియమము పెట్టినాను.

మొదటి ఏట ముగ్గురు వరి వ్రాసినారు. మూకుడులో 31 పిక్కలు నిలిచినవి. రెండవ ఏట నలుగురు వ్రాసినారు, నిలిచినవి 19. మూడవ ఏట చీట్లు విప్పగా అయిదుగురును వరియే. కావలసినవి 25, ఉన్నవి 19. ముగ్గురికి పంట, ఇద్దరికి సున్న. చివరి వరకు రాగి పెట్టుచు వచ్చిన కుఱ్ఱవానిని, "నీవెందుకు మార్చినావు?" అని అడిగినాను.

"నేను మిగిల్చేదంతా వాళ్ళే తోడుకుంటా ఉంటే నేనెందుకు మిగల్చాలి సార్?" అన్నాడు.

ఈ ఒక్క మాటలో ఒక పెద్ద సిద్ధాంతమున్నది. 1968లో గారెట్ హార్డిన్ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుడు 'సైన్స్' పత్రికలో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసములో చెప్పినది ఇదియే. ఉమ్మడి ఆస్తి నుండి ఎంత తీసికొన్న అంత లాభము ఒక్కనిది, నష్టము అందరిది. కనుక ఒక్కొక్కడు తన బుద్ధికి సరియైన పనినే చేయుచున్నను అందరును కలిసి చెడుదురు. మా కుఱ్ఱవాడు అత్యాశాపరుడు కాడు. అందరికంటె ఎక్కువ కాలము ఓర్చినవాడు. చెడ్డవాడు లేకపోయినను మూకుడు ఖాళీ యగునని ఆట చూపినది.

రెండవ ఆటలో మాటలాడుకొనుటకు అనుమతి ఇచ్చినాను. ఒకరిపై నొకరు నేరములు మోపుకొనుటతో మొదలైనది. కొంతసేపటికి కుప్పం వైపు నుండి వచ్చు ఒక బాలిక, "మా ఊర్లో చెరువు కింద వంతులు ఉంటాయి సార్. ఏటికొకరు వరి పెట్టుకోని, మిగిలినోళ్ళు రాగి పెడితే?" అన్నది. లెక్క వేసి చూచినారు. పదేండ్లలో ప్రతివానికి రెండు వంతుల వరి, ఎనిమిది పర్యాయములు రాగి; మొత్తము 34 మార్కులు. అందరును రాగి పెట్టినదానికంటె కూడ మేలు. అయితే పదేండ్ల తుదకు మూకుడులో పదియే పిక్కలు మిగులును.

అప్పుడు మూడవ ఆట పెట్టినాను. ఊరివాగు మీద ఒక చిన్న అడ్డుకట్ట కట్టినారనియు, దానివలన ఏటేట మరి 3 పిక్కలు ఇంకుననియు చెప్పినాను. వంతుల పద్ధతిలో ఖర్చు 13, ఇప్పుడు రాబడియు 13. ఆట ఎన్నేండ్లయినను సాగును. అదే అడ్డుకట్ట యుండి ఒప్పందము లేక, అందరును వరి పెట్టినచో? మొదటి ఏటి తుదకు 28, రెండవ ఏటి తుదకు 16. మూడవ ఏట కావలసినవి 25. అడ్డుకట్ట లేనప్పుడు ఏ ఏట నీరు చాలకపోయినదో, ఉన్నప్పుడును ఆ ఏటనే చాలలేదు! కట్ట మాత్రమే కట్టి, వాడుక మాట మాటలాడకపోయిన ఏమగునో ఇంతకంటె తేటగా చెప్పుట నాకు చేతకాదు.

పల్లెలలో జరిగిన ప్రయోగము

మా తరగతిలోని ఆట ఒకనాటి వినోదము. దానిని ఋజువని చెప్పరాదు. నిజమైన రైతులతో, క్రమమైన పద్ధతిలో ఇట్టి ఆటను పరీక్షించినవారు వేరే యున్నారు. వారి పని మన రాష్ట్రముననే జరుగుట మనకు విశేషము.

గుజరాతులోని ఆనంద్ కేంద్రముగా గల 'ఫౌండేషన్ ఫర్ ఎకొలాజికల్ సెక్యూరిటీ' అను స్వచ్ఛంద సంస్థ మదనపల్లె ప్రాంతమున ఉమ్మడి భూములు, నీటివనరుల సంరక్షణలో పనిచేయుచున్నది. ఈ సంస్థయు, 'జన జాగృతి' అను మరొక సంస్థయు, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థకు చెందిన రూత్ మైన్‌జెన్-డిక్, ఆమె సహచరులును కలిసి ఆంధ్రప్రదేశపు కఠినశిలా ప్రాంతములోని పల్లెలలో ఈ ప్రయోగమును నడిపినారు. తక్కువ నీటి పంట ఒకటి, ఎక్కువ నీటి పంట ఒకటి, ఉమ్మడి నీరు, ఏటేట ఎన్నిక. ఆటకు ఆధారమైన ఆలోచన ఇదియే. పురుషులును స్త్రీలును ఆడినారు. ఆట ముగిసిన పిమ్మట ఊరివారందరును సమావేశమై, ఏమి జరిగినది, ఎందుకు జరిగినది అని చర్చించినారు.

మొదటి ఫలితములు 2016లో 'ఎకాలజీ అండ్ సొసైటీ' అను పత్రికలో వెలువడినవి. పంట ఎన్నికకును నీటి తరుగుదలకును గల సంబంధము స్పష్టముగా కనబడినప్పుడు రైతులు ఒకరితో నొకరు సహకరింపగలరని తేలినది. స్వచ్ఛంద సంస్థ ఎక్కువ కాలముగా పనిచేయుచున్న ఊళ్ళలో సహకారము ఎక్కువగా కనబడినది. ఎక్కువ చదువుకొన్నవారు, తమ ఊరివారిపై నమ్మకము ఎక్కువగా గలవారు ఎక్కువగా సహకరించినారు. స్త్రీపురుష భేదము వలన చెప్పుకోదగిన తేడా రాలేదు. ఆటకు ప్రతిఫలమిచ్చు పద్ధతిని మార్చినను తేడా రాలేదు.

మరొక సంగతి మా తరగతి అనుభవమునకు భిన్నముగా నున్నది. ఆటగాండ్రు మాటలాడుకొని మరల ఆడినప్పుడు కూడ పంటల ఎన్నిక ఇంచుమించు మునుపటి వలెనే ఉన్నదట. అనగా మాటలాడనిచ్చినంత మాత్రమున అద్భుతము జరుగదు. మరి ఆట వలన ఫలమేమి?

ఈ ప్రశ్నకు సమాధానము 2018లో 'వరల్డ్ డెవలప్‌మెంట్' పత్రికలో అదే బృందము ప్రకటించిన వ్యాసములో దొరకును. ఆట ఆడిన ఏడాదికి ఆ ఊళ్ళకు తిరిగిపోయి చూచినారు. అదే సంస్థల నీటి కార్యక్రమమున నుండియు ఆట ఆడని ఊళ్ళతో పోల్చినారు. ఆట ఆడిన ఊళ్ళలో నీటి లెక్కల పుస్తకములు పెట్టుకొనుటయు, భూగర్భ జలపు వాడుకకు నియమములు చేసికొనుటయు చెప్పుకోదగినంత ఎక్కువగా జరిగినది.  ఆట వలన మాత్రమే భూగర్భ జలపు తరుగుదల ఆగదని కూడ ఆ పరిశోధకులే స్పష్టముగా చెప్పినారు.

ఉమ్మడి ఆస్తి చెడిపోయి తీరవలెనని లేదనియు, జనులు తమలో తాము నియమములు చేసికొని శతాబ్దముల తరబడి దానిని కాపాడుకొన్న ఉదాహరణలు ఎన్నియో యున్నవనియు ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన గ్రంథములో చూపినది. 2009లో ఆమెకు అర్థశాస్త్రములో నోబెల్ బహుమానము వచ్చినది. మన నీరుగంటి అట్టి నియమములకు మన ఇంటి ఉదాహరణ.

మనవారికి ఈ విద్య కొత్త కాదని చెప్పుటకు ఇంకొక సంగతి యున్నది. 2000 తరువాతి దశాబ్దములో రైతులే భూగర్భ జలమును నిర్వహించుకొను పథకమొకటి నెదర్లాండ్స్ ప్రభుత్వము, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థల సహాయముతో ఉమ్మడి రాష్ట్రమున ఏడు కరవు జిల్లాలలో నడిచినది. అందులో చిత్తూరు జిల్లా ఒకటి. వానమానిని చూచుట, బావులలో మట్టము కొలుచుట రైతులు నేర్చినారు. రబీకి ముందు అందరును కూడి, ఉన్న నీరెంత, నాటదలచిన పంటలకు కావలసినదెంత అని జమాఖర్చు వేసికొనెడివారు. ఏ పంట నాటవలెనని ఎవరును శాసింపలేదు. లెక్కను బహిరంగముగా చూపి, నిర్ణయమును రైతునకు విడిచినారు.

వేషము మార్చిన చూపు మారును

చింతపిక్కల ఆటలో అందరును సమానులు. నిజమైన ఊరిలో అట్లు కాదు. ఎగువవాడు, దిగువవాడు, లోతైన బోరుగలవాడు, ఎండిన బావిగలవాడు, ఆవులు పెంచువాడు, కుళాయి దగ్గర బిందెతో నిలుచు ఇల్లాలు వేర్వేరు. వీరి కష్టములను తెలిసికొనుటకు వేషములు ధరించి ఆడు ఆటలు పనికివచ్చును.

ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రూస్ లాంక్‌ఫర్డ్ టాంజానియా దేశపు రైతుల కొఱకు ఒక చెక్కబల్లను తయారుచేసినాడు. ఏటవాలుగా నున్న ఆ బల్ల మీద నదియు కాలువలును చెక్కి యుండును. పై నుండి గోళీలను విడుతురు, అవియే నీరు. ఎగువవారు చిన్న పుల్లలను అడ్డముగా పెట్టి గోళీలను తమ కాలువలోనికి త్రిప్పుకొందురు. దిగువ కూర్చున్నవానికి గోళీ వచ్చునో రాదో అందరును చూచుచుందురు. ఆఫ్రికాలోనే సెనెగల్ నదీ ప్రాంతములో ఫ్రెంచి పరిశోధకులు 1990 తరువాత సాగునీటి తగవుల మీద ఇట్టి వేషముల ఆటలను ఆడించినారు.

మా తరగతిలో వేషముల చీట్లు పంచినప్పుడు, ఇంటి వద్ద మంచి బోరు గల విద్యార్థికి బోరు లేని రైతు వేషము వచ్చినది. మూకుడులో అడుగున 5 పిక్కలను త్రాగునీటికి విడువవలెనని నియమము చేయుడని వాదించి గెలిచినవాడు అతడే. ఆట ముగిసినాక, "ఇంట్లో అయితే నేనే దీన్ని వద్దనే వాణ్ణి సార్" అని నవ్వినాడు. తన చోటు నుండి కదలి ఎదుటివాని చోట కొంతసేపు కూర్చుండుట వేషముల ఆటలోని సారము.

ఆట చెప్పలేనివి

ఆటను నమ్మవలసినంత మాత్రమే నమ్మవలెను. నిజమైన రాతినేల ఒకే మూకుడు కాదు. ఒక బోరునకు తగిలిన పగులు ప్రక్క బోరునకు తగులకపోవచ్చును. కనుక ఎవడు ఎవని నీటిని తోడుచున్నాడో ఖచ్చితముగా చెప్పుట కష్టము. వాన ఏటేట 10 పిక్కలు తేదు. ఒక ఏడు ఇరువది, ఒక ఏడు మూడు. దీనిని ఆటలో చూపవలెనన్న పాచిక వేసి వానను నిర్ణయింపవచ్చును. ధర మాట మరింత కష్టము. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాట 150 రూపాయలు దాటినది. కోతకూలి రాక పంటను రోడ్డు ప్రక్కన పారబోసిన ఏండ్లును ఉన్నవి. అప్పు తీర్చవలసిన రైతు నీటిలెక్క తెలియక కాదు, ధర మీది ఆశతో టమాట నాటుచున్నాడు. చిరుధాన్యములకు నమ్మకమైన ధర లేనిదే "రాగి పెట్టు" అని అతనికి చెప్పుట న్యాయము కాదు. ఆటలో రాగికి నేను 3 మార్కులు వేసినాను. సంతలో ఆ మార్కులు వేయువారు వేరు.

కాలువలు వచ్చిన తరువాత ఈ లెక్కలెందుకని కొందరు అడుగవచ్చును. శ్రీశైలము జలాశయము నుండి ఎత్తిపోసిన కృష్ణా జలములు హంద్రీ–నీవా పథకము క్రింద ఈ సీమకు వచ్చుచున్నవి. 2025 ఆగస్టులో కుప్పం శాఖా కాలువకు నీరు విడిచినారు. సంతోషింపవలసిన విషయమే. ఆ నీరు చెరువులలో చేరి ఇంకినచో మూకుడులో మరికొన్ని పిక్కలు పడినట్లు. కాని అడ్డుకట్ట లెక్కను పాఠకులు మరువరాదు. పిక్కలు పెరిగినంత మాత్రమున ఆట నిలువదు, వాడుకకు ఒప్పందముండవలెను.

ఎన్నవ ఏట ఉన్నాము?

మా ఆట ముగిసి, అందరును పోయిన తరువాత పుంగనూరు వైపు విద్యార్థి ఒకడు మూకుడు దగ్గర నిలిచియున్నాడు. వాని తండ్రి అప్పటికి మూడు బోర్లు వేసినాడు, రెండు ఎండినవి. నాలుగవదానికి బోరు బండిని మాటలాడియున్నారు.

"మా ఊరు ఇప్పుడు ఈ ఆటలో ఎన్నో సంవత్సరంలో ఉంది సార్?" అని అడిగినాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. అది ఆట చెప్పలేని సంగతి. కొలత మాత్రమే చెప్పగలదు. భూగర్భ జల శాఖవారు పరిశీలక బావులలో నీటిమట్టమును కొలుచుచున్నారు. ఆ లెక్కలు అడిగి తెలిసికొనవచ్చును. ఊరివారు తామే కొలుచుటయు కష్టము కాదు. వాడుకలో లేని ఒక బావిని గాని బోరును గాని గుర్తుగా పెట్టుకొని, ముడులు వేసిన త్రాడునకు బరువు కట్టి, నీరు తగులు లోతును చూడవలెను. పనిచేయని బోరునకు ఎల్లప్పుడును గట్టి మూత యుండవలెను. పెద్దలే దానిని విప్పి కొలిచి మరల మూయవలెను. వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానలు వెనుకబట్టిన పిమ్మట డిసెంబరులో ఒకసారి కొలిచి తేదీతో వ్రాసికొన్నచో చాలును. డిసెంబరు మట్టము ఏటేట క్రిందికి పోవుచున్నచో ఊరి ఖర్చు రాబడిని మించినదని అర్థము. నాలుగేండ్ల అంకెలు చేత నున్నప్పుడు నాలుగవ బోరు వేయవలెనా వద్దా అను మాట అదృష్టము మీద ఆధారపడదు.

ఆ విద్యార్థికి ఇదే చెప్పినాను. మరునాడు తన ఊరి పాతబావి లోతు వ్రాసికొని వచ్చి చూపినాడు. కాగితము మీద తేదీ, దాని ఎదుట ఒక్క అంకె మాత్రము ఉన్నవి. వాని తండ్రి బోరు మాట ఏమైనదో నేను అడుగలేదు. కాని ఆ ఊరి కనబడని నీటికి ఒక లెక్కల పుస్తకము ఆనాడు మొదలైనది. మూకుడును, చింతపిక్కలును ఏ పాఠశాలలోనైనను దొరకును. పాఠకులలో ఉపాధ్యాయులుగాని, పంచాయతీ పెద్దలుగాని ఉన్నచో ఒకసారి ఆడించి చూచి, ఆట ముగియగానే ఊరివారిని ఆ ప్రశ్నయే అడుగవలెనని నా మనవి: మనము ఎన్నవ ఏట ఉన్నాము?